రుద్రూర్ డెబ్బై శాతం

మా ఆఫీసులో పీఎంఓ అంటే ఒక టేబులు, రెండు కుర్చీలు, గోడకు ఒక తెల్లబోర్డు, జ్యోతిరాణి అక్క. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు అని పూర్తి పేరు ఉంది గానీ అది పలికే ఓపిక నిజామాబాద్‌లో ఎవరికీ లేదు. మా విత్తనాల కంపెనీ ఒకేసారి ఏడు పనులు నెత్తిన వేసుకుంది. ఇందల్వాయిలో కోల్డ్ స్టోరేజీ, ఎడపల్లిలో షెడ్డు, రుద్రూర్‌లో బెల్లం యూనిట్, ఇంకా నాలుగు. ఏ పని ఎంతవరకు వచ్చిందో ఒక్కచోట తెలియాలని మా ఓనరు సార్ కోరిక. అందుకని ఇరవై రెండేళ్లు స్టోర్సు చూసుకున్న అక్కను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు.

ఆమె పక్క టేబులు నాది, కొనుగోళ్ల విభాగం. ఆమె ఎంత అలిసిపోయిందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పొద్దున తొమ్మిది నుంచి సైట్లకు ఫోన్లు చేసేది. "నడుస్తుందక్కా" అనేవాళ్లు. ఎంత నడిచిందని అడిగితే సిగ్నల్ పోయేది. చివరికి హైదరాబాద్ కన్సల్టెంట్ ఒక కంప్యూటర్ షీటు తయారుచేసి ఇచ్చాడు. మొదలైన తేదీ, ముగియాల్సిన తేదీ వేస్తే గడిచిన రోజులను బట్టి అదే శాతం చూపిస్తుంది. అసలు పని ఎంతయిందో తెలుసుకుని పక్క గడిలో వేయమన్నాడు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. అడిగి అడిగి అక్క వదిలేసింది. నేనైతే రెండో వారమే వదిలేసేవాణ్ని.

జూన్‌లో మూఢం వస్తోందన్నారు. మూఢంలో పని మొదలుపెట్టకూడదు కదా, ఒకే వారంలో ఏడుచోట్లా పూజ చేసి కొబ్బరికాయలు కొట్టేశారు. మా వైపు కాయ కొట్టామంటే పని మొదలైనట్టే, పలుగు ఎప్పుడు దిగినా ఎవరూ తప్పనరు. ఫొటోలు వచ్చాయి, అక్క ఆ తేదీలే వేసింది. అక్టోబరుకల్లా షీటులో రుద్రూర్ డెబ్బై శాతానికి చేరింది. సార్ మురిసిపోయి, డిసెంబరులో చెరుకు నరికి తెమ్మని నలభై రెండు మంది రైతులకు ఉత్తరాలు పంపమన్నాడు.

అక్క ఉత్తరాలు టైపు చేసింది గానీ సంతకం పెట్టలేదు. ఆ రైతుల్లో ఆమె చిన్నబాపు, అంటే బాబాయి, నర్సన్న ఉన్నాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వీళ్లంతా చెరుకు మానేసి వరిలోకి పోయారు. కంపెనీ మాటగా పోయిన ఫిబ్రవరిలో ఇల్లిల్లూ తిరిగి మళ్లీ చెరుకు వేయించింది అక్కే. "ఒక్కసారి చూసొద్దాం రా తమ్మీ" అని నన్ను స్కూటీ ఎక్కించుకుంది.

రుద్రూర్‌లో ఉన్నది ఒక గుంత. పక్కన పసుపు కుంకుమ వెలిసిపోయిన రాయి. సైటు చూసే శ్రావణ్ తల గోక్కుంటూ వచ్చాడు.

"మిషన్లు ఇంక ఆర్డరే వెట్టలే అక్కా. మూఢం పోయినంక జేద్దామనుకున్నం, గంతల వానలు వడ్డయ్."

ఆ ఆర్డరు నా టేబులు మీదికి రాలేదన్న సంగతి నాకు ముందే తెలుసు. హైదరాబాద్ కన్సల్టెంట్ ద్వారా పెట్టుకున్నారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్క మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఆమె గట్టు మీద చతికిలబడి సార్‌కు ఫోను చేసింది. అటువైపు మాట నాకూ వినపడింది. "రైతులకు ఇప్పుడే జెప్పకు. ఒక నెల ఆగు, సూద్దాం." ఈ నెల దాటితే దూరంలో ఉన్న ఇంకో చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు కొత్త రైతుల పేర్లు రాసుకోరు. కొనేవాళ్లు లేక చెరుకంతా పొలంలోనే ఎండిపోతుంది. అది సార్‌కూ తెలుసు. "సరే సార్" అంది అక్క. లోబడిందనే అనుకున్నాను. కానీ స్కూటీని నర్సన్న పొలం వైపు తిప్పింది.

ఆయన చెరుక్కు నీళ్లు కడుతున్నాడు. అక్క సాగదీయలేదు.

"చిన్నబాపూ, యూనిట్ గాలే. ఈ యేడు గాదు. నెల దాటకముందే గా దూరం ఫ్యాక్టరీల పేరు రాయించుకో."

నర్సన్న చేతిలోని పారను గట్టుకు గుచ్చాడు. తర్వాత, "కంపెనోల్లు జెప్తె ఏస్తుంటినా? నువ్వు జెప్పినవని ఏసిన బిడ్డా" అన్నాడు.

అక్క ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా ఆమెలో మిగిలినట్టు లేదు. సంచిలోంచి రైతుల పేర్ల కాగితం తీసింది. "ఇంక నలభై ఒక్కరున్నరు. అందరికి జెప్పాలె. నౌకరి పోతే పోనీ."

ఆయన ఆ కాగితం తీసుకుని, దూరంగా పట్టుకుని, పేర్లన్నీ చదివాడు. కాళ్లు కడుక్కుని తువ్వాల భుజాన వేసుకున్నాడు. "ఒక్కదానివి వోకు" అని మాకంటే ముందే బాట పట్టాడు.

మొదటి ఇల్లు బాలనర్సయ్యది. అక్క చెప్పడం ముగించకముందే అతను మంచం మీద నుంచి కోపంగా లేచి నిలబడ్డాడు. నర్సన్న మధ్యలోకి వచ్చాడు.

"ముందుగాల నన్నే ముంచింది మా బిడ్డ. నేనే ఏమనలే, ఇంక నువ్వేమంటవ్?"