ముందే అంటించిన పోస్టరు

మొన్న కోవిల్‌పట్టి బస్టాండు గోడ మీద ఎవరిదో చావు పోస్టరు అంటిస్తున్నారు. మైదా జిగురు వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. పక్కనున్నామె నన్ను అదోలా చూసింది. ఆమె తప్పేం లేదు, ఆమెకు సీనిసామి అయ్య తెలియదు.

ఆయన ప్రెస్సులో పన్నెండేళ్లు కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా వైపు మనిషి పోతే పాడె కట్టేలోపే ఫోటోతో, చుట్టాల పేర్లతో పోస్టరు గోడలెక్కాలి. డెబ్బై నిండగానే అయ్య తన పోస్టరు తనే తయారు చేయించుకున్నారు. "సచ్చినాక మీరు ఏ పోటో ఏస్తారో, నాకు నమ్మకం లేదు పాపా" అంటూ మీసం బాగా కనబడే ఫోటో ఒకటి ఎంచారు. చుట్టాల పేర్లలో మొట్టమొదట విరుదునగర్‌లో ఉన్న అన్న పేరు పెట్టమన్నారు. పొలంలో బావి నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, పదిహేనేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"ఆయన వస్తారా అయ్యా?" అన్నాను.

"సావుకు రాకుండా ఉంటాడా? వస్తాడు. నేనే సూడలేను, అంతే."

నవ్వుతూనే అన్నారు గాని, ఆ పేరు మీంచి చూపు తిప్పలేదు.

ఎలా ఉంటుందో చూద్దామని తేదీ చోట మర్నాటి తేదీ వేయించారు. నేను తీసేయడం మరిచి, మిగతా ఆర్డర్లతో పాటు దాన్నీ అచ్చుకు పంపేశాను. తెల్లారేసరికి ఊరంతా అయ్య మీసమే! ఆయనేమో ఫోను ఇంట్లో వదిలేసి, ఒట్టపిడారంలో పెళ్లి భోజనం చేస్తున్నారు.

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికి ప్రెస్సు ముందు దండలతో జనం. నేను ఏడుస్తూ తప్పు ఒప్పుకుంటున్నాను. ఇంతలో, కబురు విరుదునగర్ దాకా పోయినట్టుంది, ఒక ముసలాయన ఆటో దిగి, చెప్పులైనా లేకుండా, "తమ్ముడా!" అని గుండెలు బాదుకుంటూ వచ్చారు. ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి చూసి కొయ్యబారిపోయారు.

"బతికే ఉండాను అన్నా. రా, కాపీ తాగుదాం."

"నీ నోట్లో మన్నుబడ! నా పేరు మొదట ఎందుకు ఏసినావురా?"

"నీకంటే ముందు ఎవురుండారు నాకు?"

దండలన్నీ బల్ల మీద పడేసి, సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ తర్వాత అయ్య రెండేళ్లు బతికారు. ప్రతి ఆదివారం విరుదునగర్ బస్సెక్కేవారు. నన్ను ఒక్క మాట అనలేదు.

నా పోస్టరు నేనింకా చేసుకోలేదు. అందులో వేయాల్సిన పేర్లు మాత్రం అప్పుడప్పుడు తలుచుకుంటాను. ఏ పేరు దగ్గర మనసు గుచ్చుకుంటే, వాళ్లింటికి వెళ్లి తలుపు తడతాను. ఇప్పటికి ఇద్దరు తీశారు. మా అక్క ఇంకా తీయలేదు. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.