ఏడుసార్లు తెరిచిన ఓవెన్

ఫిబ్రవరి తొమ్మిదిన నేను ఓవెన్ ఆపడం మరిచిపోయాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నా కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా, నాలుగు గంటల ఇరవై నిమిషాలు, అది ఖాళీగా కాలుతూనే ఉంది. తప్పు నాదే. తేదీ వేసి రాసుకున్నాను కూడా.

ఆ రోజు నుంచి తాను లేనప్పుడు వంటగదిలో ఏదీ వెలిగించవద్దంది. డల్లాస్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో ఇరవై రెండేళ్లు మీట్‌లోఫ్, అంటే రొట్టెలా ఓవెన్‌లో కాల్చే కీమా ముద్ద, చేసినదాన్ని నేను. మూడు వారాలు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. మార్చి నాలుగు, శనివారం, ఆమె కళ్లముందే ఒకటి చేస్తాను. సరిగ్గా వస్తే ఓవెన్ మళ్లీ నా చేతికి వస్తుంది.

రెండు పౌండ్ల బీఫ్ కీమా, రెండు గుడ్లు, అరకప్పు పాలలో నానిన కప్పుడు బ్రెడ్ పొడి, ఒక ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు. మూడు పచ్చిమిరపకాయలు మాత్రం ఆసుపత్రివి కావు, మా ఇంటివి. ఎక్కువ పిసికితే గట్టిపడుతుంది కనుక వేళ్లతో తేలిగ్గా కలిపి, పాన్‌లో సర్ది, పైన కెచప్ పూశాను. మూడువందల యాభై డిగ్రీల ఫారెన్‌హీట్, ఒక గంట. అయిదూ పదికి లోపల పెట్టాను.

అయిదూ పద్దెనిమిదికి నా కూతురు తలుపు తెరిచింది.

“ఏం చూస్తున్నావే?”

“ఆన్ చేశావో లేదోనని చెక్ చేస్తున్నా.”

“అద్దంలోంచి కనబడటంలా?”

“టెన్షన్ పడకమ్మా. కూర్చో.”

కూర్చున్నాను. ఆమె మళ్లీ తెరిచింది, ఫోర్కుతో పొడిచింది, తలుపు అలాగే పట్టుకుని ఫోన్‌లో ఏదో చదివింది. బల్ల దగ్గరున్న నా మొహానికి సెగ తగిలింది. అయిదోసారి, “మూయవే, వేడంతా పోతోంది” అన్నాను.

“ఇది నీ హాస్పిటల్ కాదు, నేను నీ అసిస్టెంట్‌నీ కాదు.”

హైస్కూల్లో చదివే మనవరాలు పక్కున నవ్వింది.

ఆరూ పదికి తీశాను. ఇంకో పావుగంట ఉంచాలని నాకు తెలుసు. కానీ గంట చాలని చెప్పింది నేనే. మాట మారిస్తే అది కూడా మరుపు కింద జమకడుతుందని భయపడ్డాను. పది నిమిషాలు ఆరనిచ్చి కోశాను.

“అమ్మమ్మా, మధ్యలో పింక్‌గా ఉంది. ఇట్స్ రా, పచ్చి!”

“ఏడుసార్లు తెరిచావు,” అన్నాను నా కూతురితో.

“లెక్కపెట్టావా?”

“పెట్టాను.”

“లెక్కలన్నీ గుర్తుంటాయి. ఓవెన్ ఆపడమే గుర్తుండదు.”

ముక్కలు మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని తిన్నారు. బాగుందనే అన్నారు.

భోజనాలయ్యాక నాకు కనబడకుండా అడ్డం నిలబడి నా కూతురు ఓవెన్ ప్యానెల్ లాక్ చేసింది. ఇప్పుడక్కడ ఎర్రటి తాళం గుర్తు వెలుగుతోంది. ఆ గుర్తు కిందున్న మీటను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే లాక్ పోతుంది. ఓవెన్ బిగించిన రోజు మాన్యువల్ చదివి ఆమెకు నేర్పింది నేనే. అది ఆమెకు గుర్తు లేదు.