కాగితం మీద లేని నాలుగు మాటలు

ఆ సాయంత్రం నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుంటున్నాను: చేతిలో కాగితం ఉండగా నోరు వాడాను. దానివల్ల ఒక మంచి టీచరు తల దించుకుంది. ముప్పై మూడు మంది పిల్లలకు రావలసిన రెండో టీచరు రాకుండా పోయింది. మా కాలనీలో నా పేరెత్తితే జనం ఇప్పటికీ గొంతు సవరించుకుంటారు. ఇక నవ్వుకోండి, నవ్వడానికి చాలానే ఉంది.

మా అమ్మాయి మేఘన నాలుగో తరగతిలోకి వచ్చేసరికి క్లాసులో ముప్పై మూడు మంది తేలారు. కెనడాలో మేముండే ఊరు మిల్టన్‌లో ఏటా కొత్త వీధులు పుడుతున్నాయి, బడి మాత్రం అదే. గదులు చాలక బడి ఆవరణలో పోర్టబుల్ అనే డబ్బా గది పెట్టి, అందులో వీళ్లను ఆవకాయ జాడీలో ముక్కల్లా కుక్కారు. చలికాలం కోట్లు తగిలిస్తే తలుపు పడేది కాదు.

క్లాసును రెండుగా విడదీసి ఇంకో టీచరును ఇవ్వమని తల్లిదండ్రులం స్కూల్ బోర్డుకు మొర పెట్టుకున్నాం. ‘పెట్టుకున్నాం’ అంటున్నాను గానీ, పని చేసింది మా వెనక వీధి మాధవి గారు. కరీంనగర్ ఆవిడ. మంచులో ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసింది. నేను వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మలు పెట్టాను. తీరా బోర్డు సమావేశంలో మాట్లాడడానికి మాకు ఐదు నిమిషాలు ఇచ్చిన రోజున ఆవిడ గొంతు పోయింది. కాగితం నా చేతిలో పెట్టి గుసగుసగా చెప్పింది.

"అన్నా, గిది చూసి చదువు. అంతే. సొంతంగ ఏం కలపకు."

"మాధవి గారూ, ఆఫీసులో నేనెన్ని ప్రెజెంటేషన్లు ఇచ్చానో తెలుసా?"

"అందుకే చెప్తున్న."

కాగితం బాగానే చదివాను. చివరి పేరా దగ్గర, ఎదురుగా కూర్చున్న బోర్డు సభ్యులు, అదే ట్రస్టీలలో, ఒకాయన వాచీ చూసుకున్నాడు. నాకు పౌరుషం వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టాను. వెనక్కి చూస్తే మాధవి గారు రెండు చేతులూ ఊపుతూ కనిపించింది. ఉత్సాహపరుస్తోందనుకున్నాను.

"మా అమ్మాయి సంగతే చూడండి," అని ఆఫీసు ఇంగ్లీషులో అందుకున్నాను. "ఈ ఏడాది లెక్కల్లో వెనకబడింది. ఎందుకో టీచరుకు తెలియదు. తెలిసే వీలే లేదు. ముప్పై మూడు మందిలో నా కూతురు ఆవిడ కంటికి ఆనదు!"

గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాను. చప్పట్ల కోసం ఆగాను.

చప్పట్లు రాలేదు. రెండో వరుసలో మా ఆవిడ సునీత చెయ్యి విడిపించుకుని మేఘన లేచి నిలబడింది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే పిల్ల, ఇంగ్లీషులోనే, హాలంతా వినేలా చెప్పింది.

"నో, డాడ్! మిస్ డాసన్‌కి తెలుసు. నాకు బోర్డు కనబడట్లేదని, కళ్లు చూపించమని నీకు మూడు ఈమెయిల్స్ పెట్టింది. నేను కూడా చెప్పా. నువ్వు ‘వన్ మినిట్’ అన్నావు!"

మాకు తోడుగా ఉందామని వచ్చి ఒక మూల కూర్చున్న మిస్ డాసన్, తప్పు తనదైనట్టు తల దించుకుంది.

వాచీ ట్రస్టీ మైకు దగ్గరకు లాక్కున్నాడు. "అంటే, ముప్పై మూడు మంది ఉన్నా టీచరు గమనించగలిగారన్నమాట."

"అది... అవును సర్, కానీ..."

"థాంక్యూ. చాలా ఉపయోగపడే మాట చెప్పారు."

హాలు నవ్వింది. మా అభ్యర్థన వచ్చే ఏడాదికి వాయిదా పడింది. బయటికి రాగానే మాధవి గారికి గొంతు తిరిగొచ్చింది. వచ్చినదంతా నా మీదే ఖర్చు పెట్టింది.

"ఏందన్నా ఇది? చదువుమంటే చదవాలె గదా! మూడు నెలలు తిరిగిన, కాళ్లు పడిపోయినయ్. నువ్వు మూడు నిమిషాల్ల ముంచినవ్!"

కారు మా వీధి మలుపు తిరుగుతుండగా సునీత అడిగింది.

"ఏమండీ, మన ఇంట్లో క్లాస్ సైజ్ ఎంత?"

జవాబు నాకు తెలుసు. ఒకటి.

ఇక్కడ మీకు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. కంపెనీ సర్వర్లకు కాస్త నలతగా ఉన్నా ముందు తెలిసేది నాకే. ఎక్కడో ఎడ్మంటన్‌లో ఒక మెషిన్ వేడెక్కితే మిల్టన్‌లో నా ఫోను మోగుతుంది. అంతటివాణ్ని, పిజ్జా లంచ్ అనీ, దొరికిన చేతి తొడుగులు అనీ బడి నుంచి రోజూ వచ్చే మెయిళ్లకు విసుగెత్తి, అవన్నీ వాటంతటవే ‘తర్వాత’ అనే ఫోల్డరులో పడేలా ఏర్పాటు చేసుకున్నాను. నా వృత్తి జీవితంలో ఒక్క రోజు కూడా మొరాయించకుండా పనిచేసింది అదొక్కటే.

ఇంటికి వెళ్లగానే ఆ ఫోల్డరు తెరిచాను. మూడు మెయిళ్లూ ఉన్నాయి. మూడూ ఆదివారాలు రాసినవే. మూడోది ఇలా మొదలైంది: "మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి." ముప్పై మూడు మందిని చూసుకునే మనిషి, ఒక్కదాన్ని చూసుకోలేని నన్ను అడిగిన క్షమాపణ అది.

మర్నాడు సెలవు పెట్టి మేఘనను కళ్ల డాక్టరుకు చూపించాను. మిస్ డాసన్‌ను కలిసి సారీ చెప్పాను. "ఇట్స్ ఓకే" అంది. ఓకే కాదని ఇద్దరికీ తెలుసు. ట్రస్టీలకు ఉత్తరం రాశాను: ఆవిడ గమనించిన మాట నిజమే, కానీ ఆ సంగతి మాకు రాయడానికి ఆవిడకు మిగిలింది ఆదివారాలే అని. ముందు మాధవి గారికి చూపించి, ఆవిడ నాలుగు వాక్యాలు కొట్టేశాకే పంపాను. జవాబు ఇంకా రాలేదు. వాళ్లకూ ‘తర్వాత’ అనే ఫోల్డరు ఉందేమో.

ఇప్పుడు సంతకాలు మళ్లీ మొదటినుంచి. మాధవి గారు తలుపులు కొడుతుంది, నేను ప్యాడ్ పట్టుకుంటాను. నోరు తెరవకూడదన్నది షరతు. పోర్టబుల్‌లో ఇప్పటికీ ముప్పై మూడు మందే.

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో కాగితం మీద లేని మాట అనను. ఏ ఫోల్డరుకూ ‘తర్వాత’ అని పేరు పెట్టను. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను బీరువాలో పెట్టేస్తున్నాను. ఆ వేళకు మా ఇంట్లో హాజరు పట్టీ తెరుస్తారు. పేరు పిలిచేది కొత్త కళ్లద్దాల మేఘన.

"డాడ్?"

"ప్రెజెంట్."

కొన్ని రోజులు రెండోసారి పిలవాల్సి వస్తోంది.