వెనక సీటుకు బరువు కావాలి

రోజూ ఉదయం కాఫీ కప్పుతో గుమ్మం ముందు నిలబడి, వీధిలో వెళ్లేవాళ్లు తన కారులో ఎక్కడ కూర్చుంటే సరిపోతారో చెప్పడం మా పక్కింటి డెల్బర్ట్ తాతకు అలవాటు. అమెరికాలోని టొలీడోలో మా వీధివాళ్లందరం దాన్ని పలకరింపు కిందే తీసుకుంటాం. ఉత్తరాలు తెచ్చే ఆవిడ వెనక ఎడమ సీటు. నేను, పుస్తకాల సంచీతో కలిపి, వెనక కుడి సీటు. పాస్టర్ గారు డిక్కీ.

అంతా ఆ కారు మహిమ. యాభై ఏళ్ల నాటిది, రెండు తలుపులది, స్టార్ట్ చేస్తే మా కిటికీ అద్దాలు వణుకుతాయి. తాత దానికి వెనక బాగా వెడల్పు టైర్లు వేశాడు. ఖాళీగా నడిస్తే ఫరవాలేదు. వెనక మనుషులెక్కితే కారు కిందికి దిగి, టైరు మడ్‌గార్డ్ లోపలి అంచును గీరుతుంది. అందుకే పరీక్షకు బరువు కావాలి. ఇసుక మూటలు పెట్టుకోవచ్చు కదా అని పాస్టర్ గారు డిక్కీలోంచే అడిగారు.

"ఇసుక మూటలు కబుర్లు చెప్పవు కదండీ," అన్నాడు తాత.

ఆయన ఆ అంచు మడవడం చూసి తీరాలి. రంగు పగలకుండా రేకును వేడిగాలితో మెత్తబరిచి, టైరుకూ అంచుకూ మధ్య బేస్‌బాల్ బ్యాట్ ఇరికించాడు. మేం కారును మెల్లగా తోశాం. టైరుతో పాటు బ్యాట్ దొర్లుతుంటే, రేకు చీర అంచులా లోపలికి మడుచుకుపోయింది. ఒక్క రంగు పెచ్చు కూడా ఊడలేదు.

అయినా మర్నాడు కారు గీరిందన్నాడు. ఇంకో మనిషి కావాలంటూ ఎదురింటి లొరేన్ తలుపు తట్టాడు. చలికాలంలో భర్త పోయినప్పటి నుంచి ఆవిడ కర్టెన్లు తీయలేదు. గుమ్మంలో మేం పెట్టిన వంటకాలు అక్కడే గడ్డకట్టేవి. ఆవిడ కూడా దక్కదేమోనని భయపడ్డాం.

"లొరేన్, సరిగ్గా నీ అంత బరువు కావాలి."

"నా బరువు నీకేం తెలుసు?"

"ఏళ్ల తరబడి చూస్తున్నా. ఈ మధ్య తగ్గావు. నా లెక్కంతా పాడుచేశావు."

"ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలో నీకెవరూ నేర్పలేదా?"

"నేర్పారు. మర్చిపోయా. వస్తావా?"

తిట్టడానికే ఇంట్లో వేసుకునే చెప్పులతో బయటికొచ్చిన మనిషి, తిడుతూనే కారెక్కింది. రైలు పట్టాలు దాటుతుంటే టైరు గర్రుమంది. మరుసటి శనివారం మళ్లీ గర్రుమంది. ఆయన ఎన్ని మరమ్మతులు చేసినా అంతే. పైగా బరువు చాలట్లేదని ప్రతిసారీ హోటల్ దగ్గర ఆపి ఆవిడకు ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం తినిపించేవాడు. వేసవి వచ్చేసరికి లొరేన్ హుకుములు జారీ చేయసాగింది.

"ఎడమవైపు, డెల్బర్ట్. నాకు వినిపిస్తోంది, నీకు వినిపించదేం?"

అంతటి పనిమంతుడికి ఇదెందుకు లొంగడం లేదో నాకు అర్థం కాలేదు. ఒక శనివారం కారెక్కబోతుంటే నా కళ్లజోడు చక్రం పక్కన పడింది. వంగి చూశాను. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య వేళ్లు పట్టేంత జాగా ఉంది. ఆ జాగాలో దళసరి రబ్బరు ముక్క ఒకటి, బరువుకు కారు కిందికి దిగగానే టైరుకు తగిలేలా, చక్కగా బిగించి ఉంది.

తలెత్తితే తాత నన్నే చూస్తున్నాడు.

"కళ్లజోడు దొరికిందా అమ్మాయ్?"

"దొరికింది తాతా."

"అయితే ఎక్కు. లొరేన్ ఎదురుచూస్తోంది."

ఇప్పుడు తాత షెడ్డులో రెండు పాత కార్లున్నాయి. రెండోది లొరేన్‌ది. దాని వెనక టైర్లు ఇంకా వెడల్పు.