ఎడమ నుంచి మూడో బటన్

ఇప్పుడంటే ఫోనుకు చెబితే అదే రాసిపెడుతోంది గానీ, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలినాళ్లలో గద్వాలలో ఒక తెలుగు అక్షరం తెర మీద పడాలంటే నాలాంటి మహానుభావుడు కుర్చీలో ఉండాల్సిందే. అప్పుడు నేను నలభై ఆరేళ్ల నవయువకుణ్ణి. కంప్యూటర్ చేత కంప్యూటర్‌కే పరీక్ష పెట్టించిన మొదటి మనిషిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటిలోనూ నేనే. (మూడు ఊళ్లలోనూ విచారించలేదు. మా గల్లీలో మాత్రం నేనే.) నా టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ నడిపే భాయ్ నన్ను ఒక నెల చూస్తానన్నాడు. పనికొస్తే ఉద్యోగం, లేదంటే ధరూర్ వెళ్లి మా అన్న చేలో పల్లికాయ పీకడం.

అక్కడికి వనపర్తి నుంచి వచ్చే ఇంజనీరమ్మ, మనం తెర మీద రాసుకునే ప్రోగ్రాముకు, అంటే ఎడిటర్‌కు, అతికించే ఒక పనిముట్టు తయారుచేసింది. పైన నాలుగు బటన్లు. మూడోది ‘దిద్దు’, అక్షరదోషాలు సరిచేస్తుంది. నాలుగోది ‘తుడువు’, పేజీ ఖాళీ చేస్తుంది. కంప్యూటర్ తనంతట తానే బటన్ వెతికి, నొక్కి, పాసో ఫెయిలో చెప్పేలా పరీక్ష రాయడం నా పని. వెతకడంలోనే ఉంది తిరకాసు. “కాకా, ప్రతి బటన్‌కు లోపల ఒక పేరుంటది, దాన్ని పట్టుకో” అంది. పట్టుకున్నాను. ఎడిటర్ మూసి తెరిస్తే పేరు మారిపోయింది! “అది ఎడిటర్ పెట్టే పేరు కాకా. జర ఆగు, మారని పేరు నేను పెడ్త, రెండు దినాలు.” ఆగే ఓపిక నాకేది? మావైపు ఇంటి నంబరు ఎవడు చెబుతాడు, మసీదు దాటినంక మూడో గడప అంటాం. కంప్యూటర్‌కూ అలాగే చెప్పాను: ఎడమ నుంచి మూడోది నొక్కు, తప్పులు మిగలకపోతే పాస్ అను. వందసార్లు పాసైంది. (అయిదుసార్లు.)

మర్నాడు నాగర్‌కర్నూల్ నుంచి ప్రెస్సు నడిపే పెద్దమనిషి ఆ పనిముట్టు కొందామని చూడ్డానికొచ్చాడు, తన తండ్రి సంవత్సరీకం కార్డు పట్టుకుని. తెర మీదికి ఎక్కిస్తే, పేరు నుంచి తిథి దాకా అన్నీ తప్పులే. “అన్నా, ఇజ్జత్ కా సవాల్, మన పరువు నీ చేతులనే ఉన్నది” అన్నాడు భాయ్ చెవిలో. “చేతులు కట్టుకుని చూడండ్రి” అన్నాను. మౌస్ బాణం దానంతటదే కదిలింది, నొక్కింది. తెర తెల్లబడింది. కింద పచ్చగా వెలిగింది: పాస్. తప్పులు సున్నా.

పెద్దమనిషి కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “తప్పులైతే లేవు, మంచిగనే ఉంది. మరి మా నాయిన యాడికి వోయిండు?”

ఇంజనీరమ్మ రెండు మీటలు నొక్కి ఆ నాయనను వెనక్కి రప్పించింది. “కాకా, తుడువు బటన్ మూడో జాగలకెట్ల వచ్చింది?” వైరస్, అన్నాను. వైరస్‌ల మీద గంటసేపు ఉపన్యాసమిచ్చాను. (రెండు నిమిషాలు.) పెద్దమనిషి లేచి, “రెండు దినాలాగి వస్త. అప్పటికి మనుషులను మాయం జేసుడు ఆపుండ్రి” అని వెళ్లిపోయాడు.

నేను సంచి సర్దుకున్నాను. భాయ్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

“అన్నా, వైరస్‌కు బటన్ గుంజేంత తీరికుంటదా? తుడువు మీద గంత పావురం, గంత ప్రేమ నీకు గాక ఎవరికున్నది?”

నిజమే. ముందురోజు సాయంత్రం, పరీక్షలన్నీ పాసయ్యాక, నేనే మౌస్‌తో పట్టి లాగాను. నా టైపింగ్‌కు దిద్దడం కన్నా తుడవడమే సులువు. ఆ బటన్ అంత దూరంగా మూలన ఉంటే ఎలాగని ఒక్క గడి ఇవతలికి జరిపి, దిద్దును అవతలికి తోశాను. ఒప్పేసుకున్నాను. పల్లికాయ కళ్ల ముందు కనబడింది.

“మా తాన సక్కగ నొక్కెటోళ్లే ఉన్నరన్నా. గిట్ల నొక్కెటోడే దొరకలె. కొనేటోళ్లు నీ లెక్కనే నొక్కుతరు గద! రేపు జల్ది రా.”

అలా, తప్పులు చేసినందుకు పదేళ్లు జీతం తీసుకున్నాను. (ఆరేళ్లు.) ఆ నలభై ఆరేళ్ల కుర్రాడు గుర్తొస్తే ముచ్చటేస్తుంది. తప్పులు ఇప్పుడూ అంతే శ్రద్ధగా చేస్తున్నాను గానీ, రేపు జల్ది రమ్మనేవాడే లేడు.