పసుపు వేసిన పంచ్

మాది పటమటలో పై అంతస్తు ఫ్లాటు. నెత్తిమీదే డాబా. ఇంట్లో ఏ ఫంక్షనైనా సరే, భోజనాలకి ముందు మగవాళ్ళు ఒక్కొక్కరే, ఏదో ఫోన్ మాట్లాడ్డానికి వెళ్తున్నట్టు, మెట్లెక్కేస్తారు. పైన నీళ్ళ ట్యాంకు వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు, విస్కీ, వేయించిన పల్లీలు. కింద హాల్లో ఆడవాళ్ళం, కూల్‌డ్రింకులు, ఎవరి చీర ఎక్కడ కొన్నారన్న చర్చ. కాసేపటికి వంటింటి వెంటిలేటర్లోంచి నవ్వులు వినిపిస్తాయి. అందులో మా ఆయన నవ్వు నాకు వేరుగా తెలుస్తుంది. ఇంట్లో ఆయన అంత పెద్దగా నవ్వరు. మర్నాడు పొద్దున "ఏంటండీ, నిన్న అంతలా నవ్వారు?" అని అడిగితే "ఏదోలే, మావాళ్ళ సోది" అంటారు. పాతికేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. నాకు ఒళ్ళు మండేది విస్కీకి కాదు, ఆ "ఏదోలే"కి.

అందుకే మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఏం కావాలని ఆయన అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పాను.

"చీర వద్దు, నగ వద్దు. ఆ సాయంత్రం ఎవరూ డాబా ఎక్కకూడదు. అందరం హాల్లోనే కూర్చోవాలి."

"మందు లేకుండానా?" అన్నారు, గుండెల్లో రాయి పడ్డట్టు.

"మందుతోనే. నేను చేస్తాను."

హైదరాబాదులో నా స్నేహితురాలి ఇంట్లో ఒక పుట్టినరోజుకి చూశాను. పెద్ద గాజు గిన్నెలో రకరకాల నిమ్మజాతి పళ్ళ రసం, జిన్ను, ఐసు కలిపి మధ్యలో పెట్టారు. పంచ్ అన్నారు దాన్ని. మొగుడూ పెళ్ళాం, అత్తా కోడలూ అందరూ ఆ గిన్నె దగ్గరికే వచ్చి గరిటెతో పోసుకుని అక్కడే నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. దాని రుచి నాకు సరిగ్గా గుర్తులేదు. అందరూ ఒకచోట ఉండడం మాత్రం గుర్తుండిపోయింది.

"జిన్నా? మావాళ్ళు షర్బత్ అనుకుంటారే" అని సంగతంతా విని ముక్కు విరిచారాయన. "సరే, తెస్తాను. కానీ మా బావ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడంటే మాత్రం నేను ఆపలేను. దేనికైనా మంచిది, పైన కూడా ఏర్పాట్లు చేసి ఉంచుతా."

ఆ బావ అంటే మా ఆడపడుచు భర్త. నాకు అన్నయ్య వరస. కైకలూరులో చేపల వ్యాపారం. ఏ ఫంక్షన్లోనైనా మెట్ల మీద మొదటి అడుగు ఆయనదే. ఆయన లేస్తే మిగతావాళ్ళంతా లేస్తారు, ఆయన కూర్చుంటే కూర్చుంటారు. కాబట్టి నా పాతికేళ్ళ కోరిక ఆయనగారి ఒక్క గుక్క మీద ఆధారపడింది.

పెళ్ళిరోజు మధ్యాహ్నం నుంచే వంటింట్లో పడ్డాను. బజారు నుంచి నిమ్మకాయలు, బత్తాయిలు, కమలాలు తెచ్చుకున్నాను. మైలవరం నుంచి మా తమ్ముడు రెండు దబ్బకాయలు పంపాడు. ముందు నిమ్మతొక్కలు పల్చగా చెక్కి, పంచదారలో వేసి చేత్తో నలపాలి. కాసేపటికి పంచదార చెమ్మగిల్లి ఇల్లంతా వాసన. ఆ వాసనకే సగం మత్తెక్కింది నాకు. మా అత్తగారు కత్తిపీట ముందేసుకుని దబ్బకాయలు కోసిపెట్టారు.

"పంచదారలో తొక్కలేంటమ్మాయ్?" అన్నారు.

"ఇందులో జిన్ను పోస్తానత్తయ్యా. సాయంత్రం అందరూ ఇక్కడే తాగుతారు, పైకి వెళ్ళరు" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ చుట్టాలొస్తే డాబా మీదే" అన్నారావిడ గింజలు ఏరుతూ. "నువ్వు ఆపుతానంటే నాకేం బాధ? ఆపు."

నాకు గాజు గిన్నె లేదు. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుందని పెద్ద స్టీలు గిన్నెలో రసాలన్నీ పిండి, మూతపెట్టి స్నానానికి వెళ్ళాను. చీర కట్టుకుని వచ్చి, రుచి చూద్దామని చెంచాడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు. మూత పూర్తిగా తీసి చూస్తే రసం పచ్చగా మెరుస్తోంది.

"అత్తయ్యా, ఇందులో ఏమైనా వేశారా?"

"ఉప్పూ పసుపూ వేశానమ్మా. దబ్బరసం తీసి ఉత్తినే వదిలేసి వెళ్ళావు, చేదెక్కదూ?" అన్నారు, నా మతిమరుపుని కాపాడిన మనిషిలా.

మా ఇళ్ళలో దబ్బకాయ ఉందంటే పులిహోరకో పచ్చడికో ఉన్నట్టు. రసం తీసిన చెయ్యి దానంతటదే పసుపు డబ్బా మీదికి వెళ్తుంది. జిన్ను సంగతి ఆవిడ మరిచిపోలేదు. జిన్ను పోసినా రసం రసమే కదా అనుకున్నారు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి గట్టు పట్టుకుని నిలబడ్డాను. పళ్ళన్నీ అయిపోయాయి. ఇంతలో బెల్లు మోగింది.

మా ఆయన గిన్నెలోకి తొంగిచూసి "పోనీ, ఇవాళ్టికి పైకే..." అని మొదలుపెట్టారు.

"ఆ మాట మాత్రం అనకండి" అన్నాను.

వచ్చినవాళ్ళలో ముందు మా కైకలూరు అన్నయ్యగారే. చేతిలో థర్మాకోల్ పెట్టె నిండా ఐసు. "కొత్త పెట్టేనమ్మా, చేప ముఖం చూడలేదు, ఒట్టు" అన్నారు. ఉప్పు తెలియకుండా నేను తొక్కల పంచదారలో అల్లం దంచి వేసి, పాకంలా కరిగించి ఆ పచ్చటి రసంలో గుమ్మరించాను. జిన్ను పోశాను. ఐసు వేశాను. చివర్లో సోడాలు కొట్టి పోసి, నలుగురూ చూస్తుండగా గిన్నె మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టాను. మొదటి గ్లాసు అన్నయ్యగారికే ఇచ్చాను.

ఆయన ఒక గుక్క తాగారు. గ్లాసు ఎత్తి లైటుకి అడ్డంగా పెట్టి చూశారు. మళ్ళీ తాగారు. మా ఆయన అప్పటికే మెట్ల వైపు చూస్తున్నారు.

"సోడా బండి దగ్గర సాల్ట్ సోడాలాగే ఉందమ్మా, కాస్త గట్టిగా" అన్నారు చివరికి. "బాగుంది. కానీ ఈ రంగేంటి?"

నేను నోరు తెరిచేలోపే మూల కుర్చీలోంచి మా అత్తగారు అందుకున్నారు.

"పసుపు నాయనా. నేనే వేశా. నిలవుంటుంది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అన్నయ్యగారు గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ చాపి, "నిలవుండనిస్తేనా అత్తయ్యా" అన్నారు. అంతే, హాలు గొల్లుమంది. మా ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ గోడకి చేరబడిపోయారు. ఇంత దగ్గరగా, ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. నవ్వేటప్పుడు ఆయన ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోతుంది. పాతికేళ్ళు కాపురం చేసి ఆ సంగతి నాకు తెలియదు.

గిన్నె సగం అయ్యేసరికి మా ఆయన మెల్లగా లేచి మెట్లెక్కడం కనిపించింది. ఇక ఒక్కొక్కరే లేస్తారు, అంతా మామూలే అనుకున్నాను. కాసేపటికి ఆయన రెండు చేతుల్లో పల్లీల పళ్ళాలతో, చంకలో కుర్చీతో దిగొచ్చారు. పళ్ళెం ఒకటి నా ముందు పెట్టి, కుర్చీ నా పక్కనే వేసుకుని కూర్చున్నారు.

"పైన ఎవరూ లేరే" అన్నారు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పల్లీలు నమిలాను, అంతే. అత్తగారు మాత్రం గిన్నె ముట్టుకోలేదు గానీ, ఖాళీ అయ్యేదాకా ప్రతివాళ్ళనీ "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరి లిఫ్టు దగ్గర నిలబడితే, బట్టలారేసి డాబా దిగుతున్న కింద ఫ్లాటావిడ ఎదురైంది.

"నిన్న మీ ఇంట్లో ఒకటే నవ్వులు. ఏంటండీ సంగతి?" అంది.

"ఏదోలెండి" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. బ్యాగు కింద పెట్టి, దబ్బకాయల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది.