గురువారం మందులు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లున్న ఏడాది, మా అమ్మ మా నానమ్మకు నీళ్లు తగ్గించి ఇచ్చేది. ఈ మాట ఇన్నేళ్లలో నేను ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది అమ్మ మీద కోపం ఉండి కాదు.

అప్పుడు మేము జీడిమెట్లలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మెదక్ వైపు మా ఊళ్లో ఉన్న నానమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఆమెను తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. తల్లిని తెచ్చింది నాన్నే గానీ చూసుకున్నది అమ్మ. తినిపించడం, పక్క మార్చడం, తడిసిన బట్టలు ఉతకడం, మళ్లీ రాత్రంతా లేచి చూడటం. నీళ్లు వీధి చివరి బోరింగు నుంచి బిందెలతో మోయాలి. సబ్బుకు అమ్మ వేళ్ల సందులు పగిలి నెత్తురు వచ్చేది. రెండేళ్లలో ఆమె ఒక్క పెళ్లికి పోలేదు, ఒక్క పూట పుట్టింటికి పోలేదు. వచ్చిన చుట్టాలు నానమ్మ ఎట్లున్నదని అడిగి, అమ్మ పెట్టిన చాయ్ తాగి వెళ్లేవారు.

నీళ్లు ఎప్పటినుంచి తగ్గాయో నాకు తెలియదు. ఎండాకాలంలో గమనించాను. పొద్దున జావతో ఒక గ్లాసు, రాత్రికి సగం గ్లాసు, అంతే. నానమ్మ ఎడమ చేత్తో తన పెదవులు చూపించేది. అమ్మ అటు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. నీళ్లు తాగితే బట్టలు తడుస్తాయి, తడిస్తే ఉతకాలి. ఒకరోజు నేనే గ్లాసు నింపి మంచం దగ్గరికి పోతే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. "నువ్వు ఉతుకుతవా?" అంది. ఆ గొంతు విని నాకు భయం వేసింది. నానమ్మ చచ్చిపోతుందేమోనని అంతకంటే భయం వేసింది. నాన్నకు చెబితే అమ్మను కొడతాడు.

చివరికి పక్కింటి పెద్దమ్మకు చెప్పాను. వాళ్లది కృష్ణా జిల్లా వైపు, భర్త కూడా నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే. బోరింగు దగ్గర ఆమె బిందె నిండుతుండగా అంతా చెప్పేసి ఏడ్చాను. ఆమె అమ్మను తిట్టలేదు, అయ్యో అని కూడా అనలేదు. "ఇంకెవరికీ చెప్పకు తల్లీ" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇంతేనా అని నాకు ఒళ్లు మండింది.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం పెద్దమ్మ చేతిలో మందుల చీటీతో వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "అమ్మాయ్, నీరసంగా ఉంది, అడుగు వేయలేకపోతున్నాను. ఆస్పత్రి నుంచి నా మందులు కాస్త తెచ్చిపెడుదూ. నువ్వొచ్చేదాకా మీ అత్తగారి దగ్గర నేను కూర్చుంటాలే" అంది. కాసేపు బయటికి వెళ్లి రమ్మంటే అమ్మ కదిలేది కాదు. అట్లా అన్నవాళ్లకు "మా అత్తను ఇడిచిపెట్టి ఏడికి పోత" అనే జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఎదుటి మనిషికి ఒంట్లో బాగాలేదు. అమ్మ మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఆ దవాఖానలో మందుల కిటికీ నాలుగింటికి గానీ తెరవరని అక్కడికి వెళ్లాకే తెలిసింది. పెద్దమ్మకు ఆ సంగతి తెలియకేం. అమ్మ ఫ్యాను కింద బల్ల మీద కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. తల గోడకు ఆని నోరు తెరుచుకుంది. నలుగురూ చూస్తున్నారని సిగ్గేసింది గానీ లేపడానికి మనసు రాలేదు. ఇంటికి వచ్చేసరికి నానమ్మ ఒళ్లు తుడిచి ఉంది, పెదవులు తడిగా ఉన్నాయి, దండెం మీద ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. పెద్దమ్మ మా పొయ్యి మీదే చాయ్ పెట్టి అమ్మకు పోసింది. అంత నీరసంలో ఇంత పని ఎట్లా చేశావని అమ్మ అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదేమో.

తర్వాత ప్రతి గురువారం అదే తంతు. మూడో వారమో నాలుగో వారమో, అమ్మ తనంతట తానే నానమ్మ తల ఎత్తి గ్లాసెడు నీళ్లు తాగించడం చూశాను. పెద్దమ్మ మందులు కూడా చూశాను. వాళ్లింట్లో ఒక డబ్బా నిండా బలానికిచ్చే గోళీలు, ఒక్కటీ మింగలేదు.

దీన్ని మంచి కథలా ముగించాలని నాకూ ఉంది. కానీ నానమ్మ ఆ వానాకాలం దాటలేదు. పడుకుని పడుకుని వీపు మీద లేచిన పుండ్లు అప్పటికే లోతుకు పోయాయి. నీళ్లు అందకపోవడం వల్లనా అంటే ఎవరు చెప్పగలరు? దినాల నాడు చుట్టాలందరూ ఇటువంటి కోడలు ఎక్కడా ఉండదని అమ్మను పొగిడారు. అమ్మ లేచి దొడ్డివైపు వెళ్లి వాంతి చేసుకుంది.

తన చివరి రోజుల్లో అమ్మ ఈ సంగతి నాతో చెప్పుకుంది. "మీ నానమ్మకు నేను నీళ్లు తక్కువ పోసిన బిడ్డా" అంది. నాకు తెలుసని, పెద్దమ్మకు చెప్పింది నేనేనని అన్నాను. "తెలిసే నాకు చాయ్ పోసిందా" అంది అమ్మ. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా ఆయన మంచాన పడి ఏడాది దాటింది. హైటెక్ సిటీ దగ్గర కొడుకు ఫ్లాటులో ఉంటున్నాం. నీళ్లకు కొదవ లేదు, బట్టలకు మిషను ఉంది. అయినా మొన్న పక్క మూడోసారి మారుస్తూ ఆయన చెయ్యి విసిరికొట్టాను. అది వెళ్లి మంచం పట్టీకి తగిలింది. ఆయన నా ముఖం చూడటం మానేశాడు. ఆ సాయంత్రం కొడుకును కూర్చోబెట్టి, వారానికి ఒక పూట నేను ఇంట్లో ఉండనని చెప్పాను. "నీకన్న మంచిగ నాన్నను ఎవరు చూస్తరమ్మా?" అన్నాడు వాడు. ఆయన చెయ్యి విసిరికొట్టిన సంగతి చెప్పాను. "నేను మా అమ్మకన్న మంచిదాన్నేం గాదు బిడ్డా" అన్నాను. వాడికి ఆ పాత సంగతి తెలియదు కాబట్టి అర్థం కాలేదు, కానీ ఒప్పుకున్నాడు.

మా అమ్మను ఇంట్లోంచి కదిలించడానికి ఒక మనిషి అబద్ధం ఆడాల్సి వచ్చింది. నాకోసం ఎవరూ ఆడనక్కర్లేకుండా నేనే నోరు తెరిచి అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది, అయినా అడుగుతాను.